తోడింజను

వేట నిషేధము వచ్చినదనగా మా భీమిలి రేవున పడవలు ఒడ్డెక్కును, వలలు నీడకు చేరును, ఇంజన్లు విప్పబడును. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు గల ఆ 61 దినములలో సముద్రమునకు విశ్రాంతి లభించునట్లే, మత్స్యకారునకు తన సాధనసంపత్తిని తీరికగా పరీక్షించుకొను అవకాశమును లభించును. ఈ యేడు ఆ రోజులలో మా మేనమామ కుమారుడు తన 28 అడుగుల ఫైబరు బోటునకు రెండవ ఇంజను కొనదలచి నా యొద్దకు వచ్చెను.

“పెద్దింజనుంది కదా బావా, ఇది ఊరికే తోడుకి. చవకలో ఏదో ఒకటి చూసి చెప్పు.”

“ఊరికే తోడుకి” అను ఆ మాట నా మనస్సును కలవరపరచెను. ఏలయన, అట్లు ఊరికే తోడుగా కొని మూలపడవేసిన యంత్రమును నమ్ముకొని, ఒక రాత్రి యంతయు నడిసముద్రమున ప్రాణములు అరచేత బట్టుకొని కూర్చుండిన నలుగురిలో నేనొకడను. అప్పటికి వీడు పసివాడు.

అది కార్తీక మాసము. వల లాగి చేప సర్దుకొని దరికి మరలుచుండగా, డీజిలులో నీరు చేరిన కారణమున మా మామ బోటు ఇంజను రెండు మూడు మారులు దగ్గి ఆగిపోయెను. అప్పటికే ప్రొద్దు క్రుంకినది. టార్పాలిను క్రింద చుట్టియుంచిన తోడింజనును తీసి వెనుక పలకకు బిగించి తాడు లాగితిమి. ఒకరి తరువాత ఒకరము, అరచేతులు బొబ్బలెక్కువరకు లాగితిమి. అది ఒక్కసారియైనను పలుకలేదు. పోయిన యేటి దీపావళినాటి పెట్రోలు కార్బురేటరులోనే నిలిచి, ఆవిరి కాగా మిగిలిన మడ్డి జిగురువలె గట్టిపడి, ఇంధనము పోవలసిన వెండ్రుకవాసి రంధ్రమును మూసివేసినదని మరునాడు మెకానిక్కు విప్పి చూపువరకు మాకు తెలియదు. ఆ ఋతువున మన తీరప్రవాహము దక్షిణాభిముఖముగా సాగును. ఈశాన్యపు గాలి దానికి ఊతమిచ్చును. లంగరు నేలకందని లోతులో, పడవ మా ప్రమేయము లేకయే విశాఖ వైపునకు కొట్టుకొనిపోవుచుండ, డాల్ఫిన్స్ నోస్ కొండమీది దీపస్తంభపు వెలుగు గంటగంటకును మరింత ప్రకాశించుచుండెనే గాని దరి మాత్రము దగ్గర కాలేదు. తెల్లవారుజామున ఒక ట్రాలరు వారు మమ్ము చూచి, తాడు కట్టి హార్బరునకు లాగుకొనిపోయిరి. ఆ రాత్రి మా మామ ఒక్కమాటయైనను ఆడలేదు. ఇంజను మీద చేయి వేసి అట్లే కూర్చుండెను.

కావున నేను వానితో మొదట చెప్పినది ఇది: తోడింజనును తెడ్డునకు వారసునిగా చూడవలెను గాని పెద్దింజనుకు తమ్మునిగా చూడరాదు. పడవ వెనుక తగిలించు ఈ యంత్రము యొక్క పుట్టుకయే అటువంటిది. నార్వే దేశమున పుట్టి అమెరికాకు వలసపోయిన ఓలే ఎవిన్‌రూడ్ అను పనివాడు, ఎండలో తెడ్డు వేసి సరస్సు దాటి ఐస్‌క్రీము తెచ్చులోపల అది కరగిపోవుటచే ఈ యంత్రమును తలపోసెనని కథగా చెప్పుదురు. 1909లో మిల్వాకీ నగరమున అతడు దానిని అమ్మకమునకు పెట్టెను. తెడ్డు దేనిమీదను ఆధారపడదు. పెద్దింజనుకు వచ్చిన రోగము తెడ్డునకు అంటదు. తోడింజనుకును ఆ గుణమే ఉండవలెను. దాని ఇంధనము వేరు, దాని తొట్టి వేరు. బ్యాటరీ చచ్చినను చేతితాడుతో లేచునదై యుండవలెను. పెట్రోలుతో అంటించి వేడెక్కిన పిదప కిరసనాయిలునకు మార్చు యంత్రములు నిత్యపు వేటకు పొదుపే కావచ్చును. ఆపదకు మాత్రము నేనొప్పను. అర్ధరాత్రి తడిచేతులతో చేయవలసిన పని ఎంత తక్కువయైన అంత మేలు.

ఇక బలము మాట. మా వాడు పదికి తక్కువ వలదనుచుండెను. నీటిలో మునిగిన భాగము 25 అడుగులుండు బరువైన పడవ ఆరున్నర, ఏడు నాట్ల వేగమును మించబోయినచో, యంత్రబలమంతయు తన ముందు తాను కెరటమును లేపుకొనుటకే వ్యయమగును. ఇంటికి చేరుటకు నాలుగు నాట్లు, అనగా గంటకు ఏడు కిలోమీటర్లకు పైచిలుకు, చాలును. ప్రశాంతజలమున 5 హెచ్.పి. దానికి సరిపోవును. ఎదురుగాలి బలముగా వీచునాడు అది దరి చేర్చలేకపోవచ్చును. అయినను పడవ ముఖమును కెరటమునకు ఎదురుగా నిలుపగలదు, అడ్డము తిరిగి బోర్లపడకుండ కాపాడగలదు. ఆ క్షణమున కావలసినది అదియే.

విశాఖలోని దుకాణమునకు మా మామ నాటి వృద్ధ సరంగును కూడ తోడుకొనిపోతిమి. ఆయన ధర అడుగలేదు, పేరు చదువలేదు. 9.9 హెచ్.పి. యంత్రమును మా వానిచేత ఎత్తించెను. అది ఇంచుమించు 40 కిలోలు.

“గుర్రాలెన్నని అడక్కు బాబూ, కిలోలెన్నని అడుగు. రేత్రి కెరటంలో నువ్వొక్కడివే ఎత్తి పలక మీద పెట్టాల.”

మా వాడు మారుమాటాడక దానిని దించెను.

నాలుగు స్ట్రోకుల యంత్రము ఇంధనమును పొదుపు చేయును, శబ్దము తక్కువ; హార్బరులో జెట్టీకి కట్టు పడవకు నేను దానినే చెప్పుదును. కాని మాది ఇసుకమీదికి లాగు పడవ. కెరటపు నురుగులో దూకునప్పుడు తోడింజనును లోపల పరుండబెట్టవలసి యుండును. తప్పుప్రక్కకు పరుండబెట్టినచో నాలుగు స్ట్రోకుల దానిలోని ఆయిలు సిలిండరులోనికి చేరి మొరాయించును. రెండు స్ట్రోకుల దానికి ఆ బాధ లేదు, బరువు తక్కువ, ఊరి మెకానిక్కు విప్పగలడు. లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్ల ఆయిలు కలుపుపని ఒడ్డుననే ముగించి డబ్బా నింపుకొనవలెను. పాళ్లు తప్పినచో ఇంజను క్షమింపదు.

కొలతలలో మా వారు ఎక్కువగా పొరపడునది కాడ పొడవు. 15 అంగుళముల పొట్టికాడ చవకగా దొరకును. కాని దానితో, పడవ వెనుకభాగము కెరటముపై లేచినప్పుడెల్ల పంకా గాలిలో తిరిగి యంత్రము వెర్రికేక పెట్టును. కావున పలక ఎత్తును మేము కర్రతో కొలిచి 20 అంగుళముల కాడనే తీసికొంటిమి. పంకాపై నుండు పలుచని రేకు పడవ అడుగుకన్న ఒక అంగుళము దిగువకు వచ్చినది. పంకాను కూడ అడిగి మార్పించితిమి. ఒక చుట్టునకు ముందుకు పోవు దూరము తక్కువగా నుండు పంకా, ఎత్తెక్కు బండికి కట్టిన నిదానపు ఎద్దువలె, బరువును ఓర్చి లాగును.

ఇంటికి తెచ్చిన యంత్రము 5 హెచ్.పి., రెండు స్ట్రోకులది, 20 కిలోలకు కొంచెము అటునిటు. దానితోపాటు ఒక ప్లగ్గు, ప్లగ్గు తీయు పానా, పంకా సీల, అదనపు చేతితాడు ఒక డబ్బాలో వేసి మూత బిగించితిమి. బిగింపు మరలు సడలినను సముద్రము పాలు గాకుండ యంత్రమును సన్నని గొలుసుతో పడవకు కట్టితిమి. ఆదివారము ఉదయమున మంచినీళ్ల పీపాలో నిలిపి మా వాడు తాడు లాగెను. మూడవ లాగునకు లేచినది; ప్రక్కరంధ్రమునుండి సన్ననినీటిధార చిమ్మినది, అనగా లోపలి రబ్బరు ఇంపెల్లరు చల్లనినీటిని త్రిప్పుచున్నదన్నమాట. పది నిమిషములు నడిపి, ఇంధనపు గొట్టము ఊడదీసి, కార్బురేటరులోని పెట్రోలు తీరి తనంతట ఆగువరకు ఉంచితిమి.

తోడింజను గల సోదరులారా, మీ యంత్రము కడపట ఎన్నడు పలికినదో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. జ్ఞప్తికి రానిచో, తిరిగి వేటకు పోవుటకు ముందే దానిని పీపాలో నిలిపి ఒక్కమారు తాడు లాగి చూడుడు.