దిండు తీసేయండమ్మా

కృత్రిమ కాలు వర్క్‌షాపులో తయారవుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి సగం పని అంతకుముందే ఇంట్లో, మంచం మీద జరిగిపోతుంది, లేదా చెడిపోతుంది. పిల్లలకు ఫిజియోథెరపీ చేసే నాకు అన్నిటికంటే పెద్ద శత్రువు దిండు.

మోకాలి కింద కాలు తీసేసిన బిడ్డ నొప్పికి ఏడుస్తుంటే ఏ తల్లికైనా మోకాలి కింద ఇంత ఎత్తు పెట్టాలనిపిస్తుంది. బిడ్డకూ హాయిగానే ఉంటుంది. కానీ అలాగే వారాల తరబడి వంచి ఉంచితే మోకాలు బిగుసుకుపోతుంది, కాలు తిన్నగా చాపలేరు. అలాంటి మోకాలికి ఎంత మంచి కాలు తొడిగినా నడక కుదరదు. అందుకే రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టమంటాం. తొడ దగ్గర తీసేసిన పిల్లలకైతే తుంటి కీలు పట్టేయకుండా ఇది మరీ అవసరం.

తర్వాతిది కట్టు. క్రేప్ బ్యాండేజీని 8 అంకెలా తిప్పుతూ, చివర బిగువుగా, పైకి వచ్చేకొద్దీ వదులుగా చుట్టాలి. గుండ్రంగా చుడితే పైన బిగిసి, వాపంతా చివరకు చేరుతుంది. వాపు తగ్గి మొండికాలుకు ఆకారం వస్తేనే, కృత్రిమ కాలులో అది ఇమిడే సాకెట్ సరిగ్గా పడుతుంది. రోజుకు నాలుగైదు సార్లు విప్పి, చర్మం చూసి మళ్లీ కట్టాలి. మొదట్లో తల్లుల చేతులు వణుకుతాయి. పది రోజులు పోతే నాకంటే బాగా కడతారు. ఇక గాయం మానాక దూదితో, ఆపైన మెత్తటి గుడ్డతో, చివరికి తువ్వాలుతో రుద్దుతూ ఆ చర్మానికి తాకిడి అలవాటు చేస్తాం. ఈలోగా పిల్లవాడు "పాదం దురద పెడుతోంది" అంటే గద్దించకండి. పాదం పోయినా మెదడులో దాని చోటు దానికి ఉంటుంది.

ట్రాక్టరు ప్రమాదంలో రెండు కాళ్లూ మోకాళ్ల కింద పోయిన ఐదేళ్ల పిల్లాడు ఒకరోజు చాప మీద నా పక్కన కూర్చుని అడిగాడు: "బల్లి తోక మళ్లీ వస్తుంది కదా ఆంటీ, నా కాళ్లెప్పుడొస్తాయి?"

నాయనమ్మ అందుకుంది: "పెద్దయితే వస్తాయిలే నాన్నా."

"రావు కన్నా. కొత్తవి చేయించుకుందాం. ఏ రంగు కావాలి?" అన్నాను.

వాడు ఏడవలేదు. ఎరుపు కావాలన్నాడు. ఏడ్చింది నాయనమ్మ.

కాళ్లు మొలుస్తాయని ఎదురుచూసే బిడ్డ, తొడిగిన కాళ్లను తనవి అనుకోడు. అందుకే నిజమే చెప్పాలి. ఇంకో మాట: చంకన వేసుకుని తిప్పకండి. నేల మీద వదలండి. పాకనివ్వండి, మోకాళ్ల మీద నిలబడి బంతి విసరనివ్వండి. నడుముకు, తుంటికి బలం ఆ ఆటలోనే వస్తుంది. రెండు కాళ్లూ తొడల దగ్గరే పోయినవాళ్లకు చాలాసార్లు మోకాలి కీలు లేని పొట్టి కాళ్లతో మొదలుపెడతారు. నేలకు దగ్గరగా ఉంటే పడినా దెబ్బ తక్కువ, భయం తీరుతుంది. నిలకడ కుదిరాక ఎత్తు పెంచుతారు. వాటిని చూసి పెద్దవాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది. పిల్లలు మాత్రం వాటి మీదే పరుగెత్తుతారు.

'మయూరి' సినిమాలో జైపూర్ కాలితో నాట్యం చేసిన సుధా చంద్రన్ మనవాళ్లందరికీ గుర్తే. 1960ల చివర్లో శిల్పి రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రూపొందించిన ఆ పాదంతో చెప్పుల్లేకుండా నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు. అయితే ఎదిగే పిల్లలకు ఒక్క కాలుతో కథ ముగియదు. ఐదేళ్లలోపు దాదాపు ఏడాదికోసారి, ఆ తర్వాత ఏడాదిన్నర, రెండేళ్లకోసారి కొత్తది కావాలి. కొందరిలో ఎముక చర్మం కంటే వేగంగా పెరిగి చివర మొనలా పొడుచుకొస్తుంది. అప్పుడు మళ్లీ ఆపరేషన్ అవసరం పడొచ్చు.

కాలు మళ్లీ మళ్లీ మార్చాలని ఎవరూ చెప్పకపోవడం వల్లే ఎన్నో చిన్న కాళ్లు బీరువా మీదకు చేరుతున్నాయి, పిల్లలు మళ్లీ చంకనెక్కుతున్నారు. కాలు తీసుకున్న రోజే తర్వాతి కొలతకు ఎప్పుడు రావాలో తేదీ రాయించుకోండి. ఖర్చుకు జంకితే, జైపూర్‌లోని భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి 1975 నుంచి ఉచితంగానే కాళ్లు అమరుస్తోంది. మళ్లీ మళ్లీ అడగడానికి మొహమాటపడకండి.