లేపాక్షి కప్పు మీది రంగుల లోకం

హిందూపురం నుంచి తూర్పుగా 15 కిలోమీటర్లు వెళ్తే లేపాక్షి. ఊళ్లోకి అడుగుపెడుతూనే బసవన్న ఎదురవుతాడు. ఏకశిలలో మలిచిన ఈ నంది ఎత్తు 15 అడుగులు, పొడవు 27 అడుగులు. మెడలో హారాలు, గంటల పేర్లు, తల మాత్రం కాస్త పైకెత్తి ఉంటుంది. ఆ చూపు దూరంగా గుడి ఆవరణలో ఏడు పడగల నీడన ఉన్న నాగలింగం వైపు సాగుతుంది.

వీరభద్రస్వామి గుడిని కూర్మశైలం అనే రాతిగుట్ట మీద కట్టారు. కట్టించినవారు విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు, నందిలక్కిశెట్టి కొడుకులు. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలిన కాలంలో (1529–1542) పెనుకొండ సీమలో అధికారం చలాయించినవారు. పెనుకొండ అప్పటికే సామ్రాజ్యానికి ఆయువుపట్టు. 1565 యుద్ధంలో హంపీ కూలిపోయాక రాజధాని అక్కడికే తరలింది. అంత పెద్ద కోట అండ, ఖజానా అండ ఉన్నందువల్లే ఈ గుట్ట మీద ఇంత పని సాధ్యమైంది.

క్షేత్రం మాత్రం గుడి కన్నా పాతదని భక్తుల నమ్మకం. స్కాంద పురాణం చెప్పే 108 శైవక్షేత్రాల్లో ఇదొకటి అంటారు. ఇక్కడి పాపనాశేశ్వరుణ్ణి అగస్త్య మహర్షి ప్రతిష్ఠించాడని స్థలపురాణం. రావణుడి చేతిలో రెక్కలు తెగి జటాయువు పడింది ఇక్కడేనని, రాముడు ‘లే పక్షీ’ అని పిలిచాడని ఈ చుట్టుపక్కల పిల్లలు కూడా చెబుతారు.

ప్రధాన దైవం వీరభద్రుడు. దక్షయజ్ఞంలో సతీదేవి దేహత్యాగం చేసినప్పుడు శివుడి జటలోంచి పుట్టిన ఉగ్రమూర్తి. తెలుగు, కన్నడ సీమల్లో ఎన్నో కుటుంబాలకు ఇలవేల్పు. అంతటి వీరశైవ దైవం కొలువున్న గుడిలోనే పాపనాశేశ్వరుడు, రఘునాథస్వామి ఎదురెదురు సన్నిధుల్లో పూజలందుకుంటారు. శివకేశవులకు భేదం లేదని మాటల్లో చెప్పడం తేలిక. దాన్ని గుడి నక్షాలోనే పెట్టారు ఈ అన్నదమ్ములు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్నా ఇది పూజలు ఆగని గుడి. మహాశివరాత్రికి జనం పోటెత్తుతారు.

వచ్చినవారిలో చాలామంది ముందు వెతికేది వేలాడే స్తంభాన్ని. దాని అడుగుకూ నేలకూ మధ్య సందు ఉంది. ఒకరు ఇటు నుంచి తువ్వాలు దూరిస్తే మరొకరు అటు నుంచి లాగుతారు. అలా చేస్తే ఇంటికి మంచిదని నమ్మకం. ఈ రహస్యం తేల్చాలని ఓ బ్రిటిష్ ఇంజనీరు స్తంభాన్ని కదిలించబోయాడని స్థానికులు కథగా చెబుతారు. రాతి మండపాల్లో స్తంభాల మీద దూలాలు, దూలాల మీద బండలు ఒకదాన్నొకటి బరువుతో బిగించుకుని నిలుస్తాయి. ఒక స్తంభం నేల వదిలినా చుట్టుపక్కలవి ఆ భారాన్ని పంచుకోగలవు. ఈ లెక్క తెలిశాక స్తంభం మీద గౌరవం తగ్గదు. పైగా కట్టినవాళ్ల మీద పెరుగుతుంది.

రంగమండపంలో శిల్పులు ఒక సభనే తీర్చారు. కప్పు నడుమ విచ్చుకున్న కమలం, కింద స్తంభాల మీద నాట్యమాడే రంభ, మద్దెల వాయించే బ్రహ్మ, వీణ పట్టిన తుంబురుడు, మూడు కాళ్ల భృంగి. మండపం మధ్యలో నిలబడితే ప్రేక్షకులు కూడా ఆ సభలో భాగమైపోతారు. గుడి వెనక కల్యాణమండపం సంగతి వేరు. పార్వతీ పరమేశ్వరుల పెళ్లికి వచ్చిన దేవతలూ ఋషులూ స్తంభాల మీద సిద్ధంగా ఉన్నారు, పైన కప్పు మాత్రం లేదు. రాజు అనుమతి లేకుండా ఖజానా ఖర్చుచేశాడన్న నింద పడి, విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడని, పని అక్కడితో ఆగిందని కథ. గోడ మీది రెండు ఎర్రటి మచ్చలను ఇప్పటికీ చూపిస్తారు.

ఇన్ని కథల సందడిలో తల ఎత్తి చూసేవాళ్లు తక్కువ. లేపాక్షికి దేశంలోనే ప్రత్యేక స్థానం ఇచ్చింది మండపాల కప్పు మీది చిత్రాలు. విజయనగర కాలపు చిత్రకళ ఇంత విస్తారంగా మిగిలిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గర్భగుడి ముందరి కప్పు మీది వీరభద్రుడి బొమ్మ ఒక్కటే సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు.

పద్ధతి చూడండి. రాతి కప్పుకు సున్నం, ఇసుక కలిపిన గచ్చు పూసేవారు. దాని మీద పలచటి సున్నపు పూత. ఆ తర్వాత గీత, గీత మధ్య రంగు. ఎర్రమట్టి, పసుపుమట్టి, సున్నపు తెలుపు, నలుపు, ఆకుపచ్చ. నీలం చాలా అరుదు. నీడలతో ఒంటికి గుండ్రదనం తెచ్చే ప్రయత్నం దాదాపు లేదు. భారమంతా నల్లటి అంచుగీతదే. వాడి ముక్కు, పొడవాటి కన్ను, పక్కకు తిరిగిన ముఖం, అన్నీ చెయ్యి తడబడని గీతలే. అవీ తల మీది కప్పుకు వేసినవి!

కథలు పొడవాటి పట్టీల్లో వరసగా నడుస్తాయి. ద్రౌపదీ స్వయంవరం, శ్రీరామ పట్టాభిషేకం, శివపార్వతుల పాచికలాట, మర్రాకు మీది బాలకృష్ణుడు. కొడుకు రథం కింద దూడ చనిపోతే ఆవుకు న్యాయం చేసిన మనునీతి చోళుడి కథ తమిళదేశం నుంచి వచ్చి ఇక్కడ చేరింది. అన్నిటికన్నా కట్టిపడేసేది కిరాతార్జునీయంలోని అడవిపంది. నల్లగా, జూలు నిక్కబొడుచుకుని దూసుకొచ్చే ఆ జంతువును చూస్తే, పటం గీసినవాడు నిజమైన వేట చూసే ఉంటాడనిపిస్తుంది. ఒకచోట విరూపణ్ణ, వీరణ్ణలు కూడా పరివారంతో నిలబడి విభూతి అందుకుంటున్నారు. నెత్తిన పొడవాటి కుళ్లాయిలు.

బట్టల దగ్గర చిత్రకారులు మరింత మనసు పెట్టారు. గళ్లు, చారలు, పువ్వులు, వెడల్పాటి అంచులు. ఒక చీర మరో చీరలా ఉండదు. 16వ శతాబ్దంలో ఈ సీమ జనం ఏం కట్టారో, కొప్పు ఎలా ముడిచారో చెప్పే ఇంతటి సాక్ష్యం శాసనాల్లో దొరకదు. ఈ గుడి లతామండపం స్తంభాల మీద చెక్కిన తీగలు, పువ్వుల అల్లికలైతే నేరుగా మగ్గాల దాకా నడిచాయి. ధర్మవరం పట్టుచీరల అంచుల్లో, కొంగుల్లో లేపాక్షి నమూనాలు చోటు సంపాదించుకున్నాయి. ధర్మవరం చేనేత పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ చీర కొనే ఆడపడుచుకు ఈ కప్పును ఒకసారి చూపించాలి.

2022లో లేపాక్షి గుడి, నంది కలిసి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. విజయనగర శిల్ప, చిత్రకళా సంప్రదాయం అన్న మాట ఆ నమోదులోనే ఉంది. ఈలోగా చాలాచోట్ల రంగు వెలిసింది, గచ్చు పెచ్చులూడి కథలు సగంలో తెగిపోయాయి. ఉన్న ప్రతి పట్టీకీ మంచి ఫొటోలు, దాని కథ తెలుగులో చెప్పే చిన్న పుస్తకం గుడి వాకిట్లో అందుబాటులో ఉండాలి. బడిపిల్లలను తీసుకొచ్చే పంతుళ్లు తువ్వాలు లాగే ఆట అయ్యాక, ఆ పుస్తకం చేతపట్టి ఓ అరగంట కప్పు కింద కూర్చోబెట్టినా చాలు.