ప్రత్యక్షమా, శబ్దమా? 1857-58 సంగ్రామ కథనాల చారిత్రక ప్రామాణ్యం

యుద్ధచరిత్ర రచనలో ప్రత్యక్షసాక్షి కథనానికి అగ్రస్థానం ఇవ్వడం పరిపాటి. అయితే సాక్షికి ప్రత్యక్షమైనది పాఠకునికి చేరేసరికి శబ్దమే అవుతుంది. న్యాయదర్శనం ప్రకారం ఆప్తుని మాటే శబ్దప్రమాణం. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినట్లే చెప్పగోరేవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యునికీ, మ్లేచ్ఛునికీ సమానమేనని వాత్స్యాయన భాష్యం అంగీకరించింది. ఈ దృష్టితో 1857-58 సంగ్రామానికి చెందిన రెండు గ్రంథాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటిది విలియం హోవర్డ్ రస్సెల్ రచన ‘మై డైరీ ఇన్ ఇండియా’ (1860). క్రిమియా యుద్ధవార్తలతో ప్రసిద్ధుడైన రస్సెల్ 1858 ఆరంభంలో ‘ది టైమ్స్’ ప్రతినిధిగా భారతదేశానికి వచ్చి, కోలిన్ క్యాంప్‌బెల్ సేన వెంట లక్నో చేరాడు. మార్చిలో కైసర్‌బాగ్ పట్టుబడినప్పుడు సైనికులు సాగించిన దోపిడిని కళ్ళారా చూశాడు. ఒక సైనికుడు నూరు రూపాయల రొక్కానికి నగను అమ్మజూపితే, చేతిలో సొమ్ము లేక కొనలేకపోయిన సంగతిని కూడా దాచలేదు. తన పక్షానికీ తనకూ ప్రతికూలంగా పలికిన సాక్ష్యం కనుక దీని విలువ అధికం.

తాను చూడని విషయంలోనూ రస్సెల్ చరిత్రకారునికి అంతే ఉపకరిస్తాడు. 1857 జులైలో కాన్పూరు బీబీఘర్‌లో స్త్రీలూ పిల్లలూ హతులైన నాటికి ఆయన ఈ దేశంలో లేడు. ఆ గోడలపై బాధితులే రాశారని ప్రచారమైన రాతలు హేవ్‌లాక్ సేన ప్రవేశించే సమయానికి అక్కడ లేవని ఆయన నమోదు చేశాడు. హత్యాకాండను కాదనకుండానే దానిపై పేరుకొన్న కల్పనను వేరుచేశాడు. ఇక్కడ ఆయన సాక్షి కాదు, సాక్ష్యపరీక్షకుడు.

రెండవది విష్ణుభట్ గోడ్సే మరాఠీలో రాసిన ‘మాఝా ప్రవాస్’. సంభావన ఆశించి కొంకణం నుంచి ఉత్తరాదికి బయలుదేరిన ఈ వైదికుడు, హ్యూ రోజ్ సేన ముట్టడించిన ఝాన్సీలో చిక్కుకున్నాడు. రస్సెల్ దోపిడిని దోచుకునేవారి నడుమ నిలిచి చూస్తే, గోడ్సే దోపిడికి గురైన నగరంలో తలదాచుకొని చూశాడు. అయితే ఆయన దీనిని రాసింది సుమారు పాతికేళ్ళకు. 1907లో వెలువడిన పాఠంలో సంపాదకుడు చింతామణరావు వైద్య మార్పులు చేశారు. మూలప్రతిని అనుసరించిన పాఠాన్ని దత్తో వామన్ పోత్‌దార్ 1966లో ప్రచురించారు. అందుచేత సాక్షికీ పాఠకునికీ నడుమ జ్ఞాపకం, సంపాదకత్వం అనే రెండు తెరలున్నాయి.

కంపెనీ 84 నిబంధనలు విధించబోతున్నదని దారిలో సిపాయిలు చెప్పగా విన్న మాటను కూడా గోడ్సే రాశాడు. కంపెనీ శాసనాల చరిత్రకు ఇది ఆధారం కాదు. సిపాయిల భయాల చరిత్రకు మాత్రం విలువైన ఆధారం. వారు ఏం నమ్మారన్నదానికి ఆ మాట విన్న గోడ్సే సాక్షి.

కనుక ‘రచయిత అక్కడ ఉన్నాడా?’ అన్న ఒక్క ప్రశ్న చాలదు. ఎక్కడ నిలిచి చూశాడు, ఎప్పుడు రాశాడు, ఏ వాక్యం చూసినది, ఏది విన్నది, ఆ పాఠం ఎవరి చేతుల మీదుగా మనకు అందింది అనేవి వాక్యవాక్యానికీ అడగవలసిన ప్రశ్నలు. కథనాన్ని యథాతథంగా స్వీకరిస్తే బీబీఘర్ గోడరాతలు చరిత్రగా మిగులుతాయి. విన్న మాటలన్నిటినీ తోసిపుచ్చితే, జనాన్ని నడిపించిన భయాలే చరిత్ర నుంచి జారిపోతాయి. ఆప్తత్వాన్ని వ్యక్తికి గాక వాక్యానికి వర్తింపజేసినప్పుడే ఈ రెండు దోషాలనూ పరిహరించగలం.