బోరు నీళ్లలో మలావీ

హైదరాబాద్‌లో బోరు నీళ్లను తిట్టుకోని ఇల్లు ఉండదు. పప్పు ఉడకదు, కుళాయిల మూతికి తెల్లగా సున్నం పేరుకుంటుంది, జుట్టు ఊడితే నేరం ఆ నీళ్లదే. వాటిని చూసి సంతోషించేవాణ్ని మా కాలనీలో బహుశా నేనొక్కణ్నే. మా హాల్లో ఉన్నవి మలావీ సరస్సు సిక్లిడ్ చేపలు మరి. తూర్పు ఆఫ్రికాలో దాదాపు 580 కిలోమీటర్ల పొడవున, 700 మీటర్ల లోతున పరుచుకున్న ఆ సరస్సు నీరు కూడా క్షారగుణం ఉన్నదే, పీహెచ్ 8 అటూ ఇటూగా. బోరు నీళ్లు ఈ చేపలకు ఇట్టే సరిపోతాయి. మున్సిపాలిటీ నీళ్లయితే మాత్రం క్లోరిన్ పోయే మందు వేయకుండా పోయను.

వచ్చినవాళ్లంతా ‘ఇవి సముద్రం చేపలా?’ అని అడుగుతారు. అంత రంగు మంచినీటి చేపలకు ఉంటుందని నమ్మరు. ఆ రంగు మన కోసం కాదు. ఎంబూనాలనే ఈ రాతి చేపల్లో రంగంటే హోదా. ఆరేటస్ అనే జాతినే తీసుకోండి. చిన్నప్పుడు మగా ఆడా అన్నీ పసుపే, నల్ల చారలతో. పెత్తనం దక్కిన మగది నల్లబడుతుంది, దాని చారలు లేతనీలంగా మారతాయి. మిగిలిన మగవి పసుపులోనే తలదాచుకుంటాయి. పెద్దదాన్ని బయటికి తీసి చూడండి, ఇంకోటి నల్లబడడం మొదలెడుతుంది. వాస్తు కోసమో, ఇంట్లో ప్రశాంతత కోసమో ట్యాంకు పెట్టుకునేవాళ్లు వీటి జోలికి రాకపోవడమే మేలు.

అందుకే ఈ పెంపకంలో అసలు పని తగాదాలు తీర్చడం. మామూలుగా చేపలు తక్కువుంటే సుఖం అంటాం. ఇక్కడ తిరకాసు. నాలుగైదే ఉంటే బలమైనది ఒకదాన్నే తరిమి తరిమి చంపుతుంది. ఎక్కువుంటే కోపం పదిమందికీ పంచబడి ఎవరికీ ప్రాణం మీదికి రాదు. అయితే అన్ని చేపలకు ఫిల్టరు గట్టిది కావాలి, వారం వారం నీళ్లు మార్చక తప్పదు. రాళ్లను ఇసుక మీద కాకుండా ట్యాంకు అడుగు మీదే ఆనించి, ఆ తర్వాత ఇసుక పోయాలి. ఇవి తవ్వుతాయి, తవ్వితే గుట్ట కూలుతుంది. కొత్త చేపను వదిలేరోజు రాళ్లన్నీ అటూ ఇటూ మార్చేస్తాను. ఎవరి ఇల్లు ఎక్కడో తెలియక పాతవాళ్లూ కొత్తవాళ్లవుతారు.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రాళ్ల మీది పాచి గీరుకుని తినే జాతి, స్పిరులినా చాలు.

నాకు ఎప్పటికీ పాతబడనిది పిల్లల్ని మోయడం. ఆడది గుడ్డు పెట్టీ పెట్టగానే నోట్లోకి తీసుకుంటుంది. మగదాని ఆసనపు రెక్క మీద గుడ్లలాంటి పసుపు చుక్కలుంటాయి. అవీ గుడ్లేననుకుని అందుకోబోతే మగదాని వీర్యం నోట్లోకి చేరి, లోపలున్న గుడ్లు ఫలదీకరణం చెందుతాయి. ఆపైన మూడు వారాలు దానికి నోట్లో గుడ్లు తప్ప మెతుకు లేదు. గొంతు ఉబ్బించుకుని రాతి సందులో నిలబడ్డ ఎల్లో ల్యాబ్ అనే జాతి ఆడచేపను చూస్తే, అంతసేపూ చీటికీ మాటికీ కొట్టుకుంటున్న మగవాటి మీద చిరాకేస్తుంది.

ఆడది మగదాన్ని గుర్తుపట్టేది చాలావరకు రంగు చూసే. ఆ రంగు కనిపించకపోతే ఏమవుతుందో విక్టోరియా సరస్సు కథ చెబుతుంది. 1950ల్లో అక్కడ వదిలిన నైలు పెర్చ్ అనే వేటచేప 1980లకల్లా విపరీతంగా పెరగడంతో సుమారు 200 సిక్లిడ్ జాతులు కనుమరుగయ్యాయని అంచనా. పెర్చ్ నోటికి చిక్కనివాటికి ఇంకో చిక్కు వచ్చింది. నీళ్లు మురికెక్కి వెలుతురు తగ్గినచోట రంగులు తెలియక జాతులు కలిసిపోతున్నాయని 1997లో ఓలే సీహాసెన్ బృందం ‘సైన్స్’ పత్రికలో రాసింది.

మన షాపుల్లో ‘మిక్స్ ఆఫ్రికన్’ పేరుతో అమ్మే గుంపును చూస్తే నాకు అదే గుర్తొస్తుంది. మురికి నీళ్లు చేసిన పనిని ఇరుకు ట్యాంకు చేస్తోంది. మా ఇంట్లో పుట్టిన పిల్లలకూ తల్లి ఎల్లో ల్యాబ్ అని తెలుసు, తండ్రి ఎవరో చెప్పలేను. అడిగినవాళ్లకు ఆ మాట చెప్పే పిల్లల్ని ఇస్తాను. ‘రంగు బాగుంటే చాలు సార్’ అంటారు. నాకు చాలదు. ఎల్లో ల్యాబ్‌లను వేరే ట్యాంకులోకి మార్చాలనుంది. అది ఎక్కడ పెడతారని ఇంట్లో అడుగుతున్నారు.