ఎన్ని పోర్టులని అడిగే ముందు

ఇంటికి నెట్‌వర్క్ స్విచ్ కొంటామంటూ వచ్చే మా బంటుమిల్లి వాళ్లు ముందుగా అడిగేది ఇదే: "ఎనిమిది పోర్టులది సరిపోద్దాండీ, పదహారుది తీసుకోమంటారా?" పోర్టుల లెక్క ఆఖర్న చూసుకోవచ్చు. ఇల్లెక్కడ, కెమెరాలు పెట్టే రొయ్యల చెరువెక్కడ, మధ్య దూరమెంత? మా వైపు ఆలోచన అక్కడ మొదలవ్వాలి.

ఫోన్లు, ఒక టీవీ తప్ప మరేమీ లేని ఇంటికి అసలు స్విచ్చే అక్కర్లేదు, రౌటర్ వెనకున్న పోర్టులు చాలు. కంప్యూటర్, డాబా మీద ఇంకో వైఫై పెట్టె చేరితే ఐదు పోర్టుల మామూలు గిగాబిట్ స్విచ్ పెట్టుకోండి. సెట్టింగులతో పనిలేదు. ఏ పరికరం ఏ పోర్టులో ఉందో అదే నేర్చుకుని, ఎవరిది వాళ్లకే అందిస్తుంది. పాత హబ్బులు వచ్చినదల్లా అందరికీ పంచేవి. వాటికి బదులుగా 1990లో ఈథర్నెట్ స్విచ్‌ని మార్కెట్లోకి తెచ్చిన కంపెనీ పేరు కల్పన. దాన్ని వినోద్ భరద్వాజ్ అమెరికాలో పెట్టారు. ఆ స్విచ్‌కి ఉన్నవి ఏడు పోర్టులే. 1994లో సిస్కో కల్పనని కొనేసింది.

అసలు చిక్కంతా రొయ్యల చెరువు గట్టు మీది కెమెరాలతోనే. వాటికి పీఓఈ స్విచ్ కావాలి, అంటే నెట్టూ కరెంటూ ఒకే కేబుల్లో పంపేది. 2003 నాటి ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టు 15.4 వాట్ల దాకా ఇవ్వగలదు. అయితే ఎనిమిది పోర్టులకీ కలిపి అరవై వాట్లే ఇచ్చే స్విచ్‌లు బజార్లో బోలెడు. కెమెరా పగలు కొద్ది వాట్లతో నడుస్తుంది, పొద్దుగూకగానే ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగించి ఇంకా ఎక్కువ లాగుతుంది. పగలంతా చక్కగా కనబడి, కాపలా కావాల్సిన వేళకే ఒక్కో కెమెరా ఆగి మళ్లీ లేస్తోందంటే, నేను ముందు చూసేది స్విచ్ మీద రాసిన మొత్తం వాట్లే.

రెండోది కేబుల్. బ్లేడుతో తీగని కాస్త గీరి చూడండి. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా మెరిస్తే అది రాగిపూత పూసిన అల్యూమినియం. దాంట్లో కరెంటు దారిలోనే తగ్గిపోతుంది, మా ఉప్పుగాలికి కొసలు త్వరగా పాడవుతాయి. కెమెరాలకి పూర్తి రాగిదే వాడాలి. అదైనా వంద మీటర్లు దాటితే నమ్మకం లేదు.

ఇంటి నుంచి చెరువుకి రాగి తీగ అసలు లాగొద్దని ప్రతి రైతుకీ చెబుతాను. దగ్గర్లో ఎక్కడ పిడుగు పడినా ఆ తీగ వెంట పోటు వచ్చి స్విచ్‌నీ, రికార్డర్‌నీ, రౌటర్‌నీ కలిపి కాల్చేస్తుంది. అదే ఫైబర్ అయితే గాజు, కరెంటుని మోయదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్లకి ఫైబర్ తెచ్చింది. దాన్ని అతికించడం వచ్చిన కేబుల్ ఆపరేటర్ల కుర్రాళ్లు పల్లెల్లోనే దొరుకుతున్నారు. వాళ్లచేత ఇంటి నుంచి గట్టుదాకా ఫైబర్ వేయించి, ఆ కొసన ఫైబర్ పోర్టున్న పీఓఈ స్విచ్ పెట్టుకోండి. దానికి కరెంటు ఏరియేటర్ల షెడ్డు నుంచే తీసుకుని, చిన్న ఇన్వర్టర్ జతచేయండి.

ఆ స్విచ్ ఫ్యాన్ లేనిది, లోహపు పెట్టెది అయితే మంచిది. ఫ్యాన్ ఉంటే ఉప్పు తేమంతా లోపలికి లాగుతుంది. స్విచ్‌ని మూతపెట్టెలో బిగించి, రేకు కప్పుకి ఎడంగా, నీడలో గోడకి కొట్టించండి. కేబుళ్లు పెట్టె అడుగు నుంచే లోపలికి పోవాలి, పైనుంచి పోతే మొదటి వానకే నీళ్లు తీగ వెంట దిగుతాయి.