మోసేవాణ్ణి మోసేదెవరు?

సాహిత్య సంచికలో వీడియో ఆటల మీద విమర్శ ఏమిటని కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చు. బుర్రకథ మీదా, పద్యనాటకం మీదా మనం విమర్శలు రాసుకున్నాం. వేలమంది టిక్కెట్టు కొనుక్కుని వచ్చి చూసే ప్రదర్శన ఏదైనా విమర్శకు తగినదే. పైగా ఈ ప్రదర్శన మన ఇళ్ళ బేస్‌మెంట్లలోనే మొదలైంది, పైనుంచి మనం "ఇక చాలించి పడుకోరా" అని కేకలేస్తూ ఉండగా!

2015 ఆగస్టులో ఒక శనివారం మా అబ్బాయి "నాన్నా, నాతో కూర్చుని ఒక్క మ్యాచ్ చూడు" అన్నాడు. సియాటిల్ కీ అరీనాలో డోటా 2 ప్రపంచ పోటీ ఫైనల్ అది. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు, మధ్యలో మెరుపులు, పొగలు. నాకేమీ బోధపడలేదు. "ఆ మూల ఒకడు ఎవరి జోలికీ పోకుండా చిన్నా చితకా సైనికుల్ని కొట్టుకుంటున్నాడే, పిరికివాడా?" అని అడిగాను.

"వాడే క్యారీ నాన్నా. మిగతా నలుగురూ ఆడేది వాడికోసమే" అన్నాడు.

ఆ మాటతో నాకు ఆట పట్టుబడింది. క్యారీ అంటే మోసేవాడు. శత్రువుని దెబ్బతీసే పని ప్రధానంగా అతనిది. మొదట్లో మాత్రం అతనంత బలహీనుడు ఇంకొకడుండడు. సైనికుడికి చివరి దెబ్బ ఎవరు వేస్తే బంగారం వాళ్ళకి. ఆ బంగారాన్ని తోటివాళ్ళు తాము ముట్టుకోకుండా అతనికి వదిలేస్తారు. తమకున్న కాస్త డబ్బుతో దారులకు కాపలా ఏర్పాటు చేస్తారు. అవసరమైతే అతని బదులు తామే చస్తారు. అరగంట గడిచాక అతను అందర్నీ మోయాలి. అప్పటిదాకా అతన్ని మోసేది వాళ్ళే.

ఇది మనకు తెలియని కథేమీ కాదు. తల్లి గాజులు తాకట్టులోకి వెళ్తాయి. చెల్లెలి చదువు ఇంటరుతో ఆగుతుంది. పొలం బేరానికొస్తుంది. ఇంటిల్లిపాదీ కలిసి ఒక్కణ్ణి విమానం ఎక్కిస్తారు. మనలో చాలామందిమి అలా వచ్చిన క్యారీలమే. అందుకని ఈ పాత్రధారుల్ని అంచనా వెయ్యడానికి ఎందర్ని పడగొట్టారన్నది సరైన కొలత కాదంటాను. తనకోసం ఇతరులు వదులుకున్నదాన్ని ఏం చేశారన్నదే కొలత. ఆటనుంచి తప్పుకున్న ఇద్దరు అమెరికన్ ఆటగాళ్ళని ఈ కొలతతో చూద్దాం. ఇద్దరూ ఆ నెలలోనే పేరు నిలబెట్టుకున్నారు.

మొదటివాడు 'ఫియర్' అనే క్లింటన్ లూమిస్, ఓరెగన్ రాష్ట్రంలోని మెడ్‌ఫర్డ్ కుర్రాడు. 2014లో వచ్చిన 'ఫ్రీ టు ప్లే' డాక్యుమెంటరీలోని ముగ్గురు ప్రధాన వ్యక్తుల్లో ఒకడు. ఆట అమ్మే వాల్వ్ కంపెనీయే తీసిన చిత్రం గనక అందులోని కన్నీళ్ళని కొంత తగ్గించే చూడాలి. కానీ ఆ సంవత్సరమే చేతి గాయంవల్ల అతను ప్రపంచ పోటీ ఆడలేక పక్కన కూర్చున్నాడు. మరుసటి ఏడు 27 ఏళ్ళ వయసులో, పదహారేళ్ళ సుమేల్ హసన్ పక్కన నిలబడి, చైనా జట్టు సీడెక్ మీద 3-1తో ఈవిల్ జీనియసెస్‌ను గెలిపించాడు. నాలుగో ఆటలో అందరూ చెప్పుకునే దెబ్బ మాత్రం అతనిది కాదు. విస్కాన్సిన్‌కు చెందిన సాహిల్ అరోరాది. బహుమతి 66 లక్షల డాలర్లు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న "ఒక్కొక్కరికి ఎంతొస్తుందిరా?"

అసలు విశేషం ఆ తర్వాతది. గెలిచిన కొద్ది రోజులకే జట్టు తన సపోర్ట్ ఆటగాడు కర్టిస్ లింగ్‌ను తీసేసి, ఆర్టీజీ అనే మరో పేరున్న క్యారీని తెచ్చుకుంది. అప్పుడు ఫియర్ క్యారీ స్థానం అతనికి వదిలి తాను సపోర్ట్‌గా మారాడు. ఏళ్ళ తరబడి బంగారం అందుకున్నవాడు బంగారం వదిలే పనికి దిగాడు. నా దృష్టిలో అతని గొప్ప ప్రదర్శన అదే. లింగ్‌కు జరిగింది మాత్రం న్యాయమని నేననను.

రెండోవాడు 'డబుల్‌లిఫ్ట్' అనే పీటర్ పెంగ్, లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటగాడు. కాలిఫోర్నియాలో పెరిగిన చైనా వలసదారుల బిడ్డ. పేకముక్కల గారడీలో రెండు ముక్కల్ని ఒకటిగా ఎత్తే ఒడుపు నుంచి తీసుకున్న పేరది. చేతివాటమూ అలాంటిదే: ముందుకో అడుగు, ఒక దెబ్బ, ఎదుటివాడు తేరుకునేలోగా వెనక్కి. ఈ ఆటల మూలంగానే 2011లో తల్లిదండ్రులు ఇల్లు వదిలి పొమ్మన్నారని అతనే బాహాటంగా చెప్పాడు. అంటే ఇంటివాళ్ళు మోయని క్యారీ. అతని మాటల్లో వినిపించిన అహంకారం, తోటివాళ్ళని చులకన చేసే తీరు అక్కణ్ణించే వచ్చాయేమో.

2015 ఆగస్టు 23న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సీఎల్‌జీ తరఫున మొదటి టైటిల్ గెలిచాడు. పక్కనుండి నిలబెట్టినవాడు సపోర్ట్ ఆటగాడు అఫ్రోమూ. ఆ ఏడాది చివర్లో జట్టు అతన్ని వదులుకుంది. 2016 వసంతంలో అదే సీఎల్‌జీ ఓ కొత్త కుర్రాడితో ఫైనల్‌కొచ్చి, డబుల్‌లిఫ్ట్ చేరిన టీఎస్‌ఎమ్‌నే 3-2తో ఓడించింది. మోసేవాడు పోయినా ఇల్లు కూలలేదు. అతనూ కూలలేదు. 2020లో తప్పుకునేసరికి ఎనిమిది టైటిళ్ళు. 2018 వసంతంలో కుటుంబంలో జరిగిన ఘోరంలో తల్లిని పోగొట్టుకుని, కొద్ది రోజులకే మయామీలో ఫైనల్ ఆడి గెలిచాడు. దానిమీద విమర్శకుడు నోరెత్తకూడదు. కానీ 2011 తర్వాత ఏడుసార్లు ప్రపంచ పోటీకి వెళ్ళి ఒక్కసారీ గ్రూపు దశ దాటలేదన్నదీ లెక్కలోకి రావాలి. 2023లో తిరిగొచ్చి ఒక ఏడాది ఆడి విరమించాడు.

ఇద్దరిలో చేయి డబుల్‌లిఫ్ట్‌ది గొప్పది. మనసు ఫియర్‌ది పెద్దది. వీళ్ళని చూపించి పిల్లల్ని ఆటల్లోకి తొయ్యమని నేననను. గెలిచేవాళ్ళు వేళ్ళమీద లెక్కించదగ్గవాళ్ళు, చేతులు పాడయ్యేవాళ్ళు చాలామంది. నా బాధ వేరే ఉంది.

ఆ ఫైనల్‌కి ముందు సంవత్సరం, పరీక్షల రోజుల్లో, ఒక రాత్రి నేను కోపంతో రౌటర్ తీగ పీకేశాను. వాడు చాలారోజులు మాట్లాడలేదు. "పెద్ద హీరోననుకుంటున్నాడు" అని మా ఆవిడతో అన్నాను కూడా. మ్యాచ్ చూసిన రోజున అడిగాను, "నువ్వూ క్యారీవేనా?"

"కాదు నాన్నా. సపోర్ట్. ఆ రాత్రి నేను లేక మిగతా నలుగురూ ఓడిపోయారు."

అప్పటిదాకా వాడు ఏ పాత్ర ఆడతాడో నేను అడగనేలేదు. మీ పిల్లల్ని మీరు అడిగారా?