వెన్ను చూపిన వాడి కథలో మన పాత్ర

యుద్ధం వదిలేసి వచ్చిన మగవాణ్ణి పిలవడానికి మన భాషలో ఒక్క మర్యాదైన మాట లేదు. పిరికిపంద, వెన్ను చూపినవాడు, పారిపోయి వచ్చినవాడు - అన్నీ ఉమ్మేసే మాటలే. అవి చాలవనుకుంటే గాజులు తొడుక్కోమంటాం, చీర కట్టుకోమంటాం. యుద్ధం వద్దనుకున్న మగవాడికి సమాజం వేసే ఆఖరి శిక్ష అతన్ని ఆడదానితో పోల్చడం. ఆ యుద్ధం న్యాయమైనదా కాదా అన్న ప్రశ్న ఈ తిట్లలో ఎక్కడా ఉండదు. సైన్యం విడిచిపోయిన వాళ్ల సాహిత్యంతో స్త్రీలుగా మనకేం పని అని అడిగేవాళ్లకు నా మొదటి జవాబు ఇదే. ఆ తిట్టు మన ఒంటి మీది వస్తువులతో తయారైంది.

ఖడ్గతిక్కన కథ మనందరికీ తెలిసిందే. 13వ శతాబ్దపు నెల్లూరు రాజ్యంలో పశువులు మేపుకుంటున్న కాటమరాజు పుల్లరి కట్టనన్నాడు. పోరు వచ్చింది. మనుమసిద్ధి తరఫున వెళ్లిన తిక్కన యుద్ధరంగం నుంచి ఇంటికి తిరిగి వస్తే, భార్య చానమ మంచం అడ్డుపెట్టి స్నానానికి నీళ్లతో పాటు పసుపు ముద్ద ఉంచింది. తల్లి ప్రోలమ విరిగిన పాలు వడ్డించింది. అతను సిగ్గుతో తిరిగి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. వీరమాత, వీరపత్ని అని మనం ఆ ఇద్దరినీ తరతరాలుగా మెచ్చుకుంటూ వచ్చాం. మేత మీద పన్ను కోసం జరిగిన ఆ పోరులో న్యాయం ఎటుందని వాళ్లలో ఎవరైనా అడిగినట్టు కథ చెప్పదు. కథ కట్టినవాళ్లకు ఆ ప్రశ్న అక్కరలేదు. వాళ్లకు కావలసింది మగవాణ్ణి వెనక్కి తోసే ఒక గుమ్మం, ఆ గుమ్మంలో నిలబడే ఒక స్త్రీ. రోజూ తను రాసుకునే పసుపునే భర్త ముందు అవమానంగా పెట్టినప్పుడు చానమ తన పుట్టుకను కూడా తనే తక్కువ చేసుకుంటోంది. ఆ పని ఆమె చేత చేయించింది ఎవరు?

ఇది మన దగ్గరే జరిగిందనుకోనక్కరలేదు. 1914లో బ్రిటన్‌లో సైన్యంలో చేరని యువకుల చొక్కాలకు తెల్ల ఈకలు గుచ్చే పని ఆడవాళ్లకు అప్పజెప్పారు. ఆ ఆలోచన మొదలుపెట్టింది మాత్రం ఒక రిటైరైన నౌకాదళ అధికారి.

ఈ సిగ్గును లోపలి నుంచి విప్పి చూపిన రచయితగా టిమ్ ఓబ్రయన్ మీద నాకు గౌరవం ఉంది. వియత్నాం యుద్ధానికి 1968లో డ్రాఫ్టయి, వెళ్లి వచ్చినవాడు. 1990లో వచ్చిన 'ద థింగ్స్ దే క్యారీడ్' పుస్తకంలో 'ఆన్ ద రెయినీ రివర్' అనే కథ ఉంది. అందులో కథకుడికీ రచయిత పేరే. అయితే ఇది కల్పన. డ్రాఫ్టు ఉత్తరం అందిన ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు, ఈ యుద్ధం తప్పని నమ్మినవాడు, కెనడా సరిహద్దు నది దాకా వెళతాడు. ఒక వృద్ధుడు ఏమీ అడగకుండా ఆశ్రయమిస్తాడు, పడవలో అవతలి ఒడ్డు దగ్గరికి తీసుకెళ్లి ఆపుతాడు. దూకితే చాలు. దూకలేక కుర్రాడు ఏడుస్తాడు. తర్వాత యుద్ధానికి వెళతాడు. తను పిరికివాడు కాబట్టే వెళ్లానని చెబుతాడు.

మన తిట్ల నిఘంటువును ఈ కథ తలకిందులు చేసింది. వెళ్లకపోవడానికే ధైర్యం కావాలి, వెళ్లడానికి సిగ్గు చాలు. ఈ సంగతిని ఇంత సూటిగా ఒప్పుకున్న మగ రచయితలు తక్కువ. అయినా పడవలో అతని కళ్ల ముందు కదిలిన గుంపును మళ్లీ చూడండి. అమ్మా నాన్నా, ఊరివాళ్లు, ఇంకా పెళ్లి కాని భార్య, ఇంకా పుట్టని కూతురు. అందరూ ఒడ్డున నిలబడి చూస్తుంటారు. ఆ స్త్రీలు ఏమనుకుంటున్నారో అతనికి తెలియదు, వాళ్లను అడిగే అవకాశమూ కథలో లేదు. చానమ అయితే గుమ్మంలో నిజంగా నిలబడింది. ఇక్కడి స్త్రీలు అసలు రానే లేదు, కాపలా మాత్రం కాస్తున్నారు.

అంతకు ముందు 1978లో అతనే రాసిన 'గోయింగ్ ఆఫ్టర్ కచియాటో' నవలలో మాట్లాడే స్త్రీ ఒకతె ఉంది. కచియాటో అనే సైనికుడు యుద్ధం వదిలేసి పారిస్‌కు నడిచి వెళతానని బయలుదేరతాడు. అతన్ని పట్టుకోవడానికి దళం వెంటపడుతుంది. ఆ తరుముకుంటూ వెళ్లడమంతా దాదాపుగా పాల్ బెర్లిన్ అనే సైనికుడు రాత్రి కాపలాలో అల్లుకున్న ఊహ. దారిలో కలిసిన శరణార్థి యువతి సర్కిన్ ఆంగ్ వాన్ పారిస్‌లో, శాంతి చర్చల బల్ల లాంటి బల్లకు అవతల కూర్చుని, యుద్ధం వదిలేసి తనతో బతకమని అతన్ని అడుగుతుంది. అతను బాధ్యత అంటాడు, తనవాళ్ల దృష్టిలో పరువు పోతుందన్న భయం అంటాడు. ఆమె వెళ్లిపోతుంది. యుద్ధం వద్దని వాదించే గొంతు స్త్రీకి ఇచ్చినందుకు సంతోషించబోతాం. కానీ ఆమె అతని ఊహే. బాంబులు పడుతున్న నేల నుంచి వచ్చిన స్త్రీకి ఈ నవల ఇచ్చిన పని అమెరికన్ సైనికుడి మనస్సాక్షిగా ఉండటం. ఆమెకు పోయిన ఇల్లూ ఊరూ ఆ బల్ల మీదికి రావు. న్యాయం కోసం అడిగే హక్కు అందరికంటే ఆమెకే ఎక్కువ కదా!

పుస్తకాల బయట సంగతి వేరుగా ఉందా అంటే, పెద్దగా లేదు. 1968లో డ్రాఫ్టు వ్యతిరేక ఉద్యమం కోసం ఒక పోస్టర్ వేశారు. గాయని జోన్ బేజ్, ఆమె అక్క, చెల్లెలు ముగ్గురూ సోఫాలో కూర్చుని ఉంటారు. యుద్ధానికి కాదన్న అబ్బాయిలకు అమ్మాయిలు ఔనంటారని దాని సారాంశం. అప్పటి స్త్రీవాదులకు అది మండిందంటే ఆశ్చర్యం లేదు. వెళ్లేవాడికి వీరతిలకం దిద్దినా, వెళ్లనివాడికి బహుమతిగా నిలబడినా మన స్థానం మారలేదు. పితృస్వామ్యం యుద్ధంలో ఎంత ఉందో శాంతి ఉద్యమంలోనూ అంత ఉంది.

నేను సైన్యం విడిచినవాళ్లను తక్కువ చేయడం లేదు. 1971లో అమెరికన్ ఆర్మీలో వెయ్యి మందికి 73 మందికి పైగా విడిచిపోయారు. వాళ్లలో సిద్ధాంతంతో వెళ్లినవాళ్లున్నారు, భయంతో వెళ్లినవాళ్లున్నారు, ఇంటి ఇబ్బందులతో వెళ్లినవాళ్లూ ఉన్నారు. 1968 మార్చి 16న మైలైలో, వియత్నాం లెక్క ప్రకారం, 504 మందిని చంపింది మాత్రం సైన్యంలో ఉండిపోయినవాళ్లు, ఆజ్ఞ పాటించినవాళ్లు. భయంతో వెళ్లిపోయినవాడి చేతికి ఆ రక్తం అంటలేదు. అయినా 1977 జనవరిలో అధ్యక్షుడు కార్టర్ ఇచ్చిన క్షమాభిక్ష డ్రాఫ్టు ఎగ్గొట్టినవాళ్లకే వర్తించింది, సైన్యంలో చేరి వదిలేసినవాళ్లకు కాదు. చదువూ డబ్బూ ఉన్న ఇళ్ల పిల్లలకు డ్రాఫ్టును ముందే తప్పించుకునే దారులు ఎక్కువ. చేరాక గాని యుద్ధం ఏమిటో తెలియని పేదింటి పిల్లలు రెండోసారి నష్టపోయారు. నది ఒడ్డున తర్జనభర్జన పడే తీరిక దొరికినవాడి కథ మన దాకా వచ్చింది. ఆ తీరిక లేనివాడిదీ, అతని వెనక ఇల్లు నెట్టుకొచ్చిన ఆమెదీ వినాలంటే వెతుక్కోవాలి.

ఇక కింబర్లీ రివెరా. ఇరాక్‌లో పనిచేసి, ఆ యుద్ధం తప్పనిపించి, 2007లో భర్తతో, పిల్లలతో కెనడా వెళ్లిపోయిన అమెరికన్ సైనికురాలు. కెనడా 2012లో ఆమెను వెనక్కి పంపింది. 2013లో సైనిక న్యాయస్థానం పది నెలల జైలు వేసింది. అప్పటికి ఆమె గర్భవతి. శిక్షాకాలంలోనే ప్రసవించింది. ఈమెను ఏమని తిట్టాలి? గాజులు తొడుక్కోమంటే అర్థం లేదు. పసుపు ముద్ద పెడితే సిగ్గుపడదు. మగతనం మీద కట్టిన ఆ తిట్టు ఆమె ముందు పనికిరాకుండా పోతుంది. అప్పుడు మిగిలేది ఇన్నాళ్లూ ఆ తిట్టు కప్పిపెట్టిన ప్రశ్నే - ఈ యుద్ధం ఎవరి కోసం, ఎవరి మీద?

ఆమె కథను ఒక మగ సైనికుడి రాత్రి ఊహగా రాయడం కుదరదు. ఒడ్డున మాట లేకుండా నిలబెట్టడమూ కుదరదు. ఆ కథ రాయవలసింది మనమే. దానితో పాటు చానమ కథనూ మళ్లీ రాయాలి. తిరిగి వచ్చిన మనిషికి తలుపు తీసి, అన్నం పెట్టి, పుల్లరి సంగతేమిటని అడిగే చానమ కథ.